తెర ముందు థెరపీ – 4వ పాఠం: లక్ష్యం మళ్లీ రాద్దాం

ఆన్‌లైన్ థెరపీలో రెండు సెషన్ల మధ్య వారంలో ఏం చేయాలన్నది ఈసారి చెప్పాల్సింది. దాన్ని వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠంలో "థెరపీ నుంచి మీకేం కావాలో ఒక్క వాక్యంలో రాయండి" అన్నాను. వచ్చిన వాక్యాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. ఏడవకూడదు. కోపం రాకూడదు. ఆఫీసు గురించి ఆలోచించకూడదు. జరిగింది గుర్తు రాకూడదు. ఇలాంటి వాక్యంతో మొదలుపెడితే నెలన్నర తర్వాత కూడా ఎంత ముందుకొచ్చారో మీకూ తెలియదు, థెరపిస్టుకూ తెలియదు.

ఆగ్డెన్ లిండ్స్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో ఒక పరీక్ష చెప్పాడు: చనిపోయిన మనిషి చేయగలిగేదైతే అది ప్రవర్తన కాదు. మాట కటువుగా ఉన్నా లక్ష్యాలను వడగట్టడానికి ఇంతకు మించిన జల్లెడ నాకు దొరకలేదు. శవం ఏడవదు, కోప్పడదు, ఆఫీసు గురించి ఆలోచించదు. మీ లక్ష్యం శవానికి కూడా సాధ్యమైతే, బతికున్న మీరు చేయాల్సిన పని అందులో ఏమీ లేదన్నమాట.

బాధలో ఉన్నవాళ్ల నోట ముందుగా వచ్చేది "ఇది పోవాలి" అనే మాటే. అందులో తప్పేం లేదు. అది పోయాక ఏం చేస్తారన్నదే మనకు కావాలి. పరిష్కారాల మీద దృష్టి పెట్టే థెరపీని రూపొందించిన స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దీనికోసం ఒక ప్రశ్న వాడేవారు: రాత్రి మీరు నిద్రలో ఉండగా ఏదో అద్భుతం జరిగి సమస్య తీరిపోయింది, పొద్దున లేచాక ఆ సంగతి మీకు దేన్నిబట్టి తెలుస్తుంది? నేను అద్భుతం దాకా వెళ్లను. "వచ్చే మంగళవారం సాయంత్రం ఏం చేస్తుంటారు?" అని అడుగుతాను. రోజు పేరు పెడితే జవాబు నేల మీదికి వస్తుంది.

ఆఫీసు ఒత్తిడికి: "వారంలో మూడు రోజులు ఏడింటికి ల్యాప్‌టాప్ మూసి, పాపతో అరగంట కూర్చుంటాను." ఇది చాలు.

భర్త నుంచి విడిపోయిన ఒకావిడ "ఒంటరిగా అనిపించకూడదు" అని రాశారు. మార్చమంటే "అందరితో కలవాలి" అన్నారు. అందరూ అంటే ఎవరని అడిగితే చివరికి ఒక స్నేహితురాలి పేరు వచ్చింది. ఆమె ఫోన్ చేస్తే ఈవిడ ఎత్తడం లేదు. ఎత్తితే "మీ ఆయన ఎలా ఉన్నారు?" అని అడుగుతుందని భయం. అసలు లక్ష్యం అక్కడ దొరికింది: "ఈ నెలలో నేనే ఫోన్ చేసి, విడిపోయామని నా నోటితో చెబుతాను." ఆ రెండు ముక్కలు ఎలా చెప్పాలో వీడియో కాల్‌లోనే థెరపిస్టుతో సాధన చేయవచ్చు.

ఇక "గుర్తు రాకూడదు" దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నన్ను బాగా ఇబ్బంది పెట్టే వాక్యం ఇదే. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, ఆలోచన వస్తే గంట కొట్టమని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరికి చెప్పి చూశాడు; 1987లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు. తర్వాత ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, మొదటినుంచీ ఆలోచించమన్న వాళ్లకన్నా వీళ్లకే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఒక మామూలు జంతువుతోనే ఇలా ఉంటే, ప్రమాదమో దాడో జరిగిన రోజును నెట్టేయడం ఎంత కష్టమో చూడండి. పైగా జరిగినదాన్ని గుర్తుచేసేవాటి నుంచి తప్పించుకు తిరగడం ట్రామా (మనసుకు తగిలిన లోతైన గాయం) లక్షణాల్లో ఒకటి. దాన్నే లక్ష్యంగా రాసుకుంటే దానికి బలం పోసినట్టే. "గుండె దడ వచ్చినా ఆ రోడ్డు మీదుగా మళ్లీ కారు నడుపుతాను" అన్నది లక్ష్యం.

అలాగని రేపే ఒంటరిగా ఆ రోడ్డెక్కకండి. జరిగినదంతా కూర్చుని రాయనూ వద్దు. ట్రామా నుంచి కోలుకోవడానికి మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో వివరించిన క్రమంలో భద్రత మొదటి దశ, జ్ఞాపకాల్లోకి వెళ్లడం రెండోది. కాబట్టి తొలి లక్ష్యం చిన్నదిగా ఉండాలి: "జ్ఞాపకం ముంచుకొస్తే కాళ్లు నేలకు ఆనించి, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెబుతాను." థెరపిస్టు మీ గదిలో ఉండరు. సెషన్ రోజు మీరు ఎక్కడున్నారో, దగ్గర్లో ఎవరికి ఫోన్ చేయాలో, కాల్ తెగితే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, ఇంట్లో ఎవరైనా కొడుతున్నా వచ్చే సెషన్ దాకా ఆగవద్దు. మీ ప్రాంతపు అత్యవసర సేవలకు వెంటనే ఫోన్ చేయండి.

సాధన: పాత వాక్యాన్ని కాగితం మీద ఐదుసార్లు, ప్రతిసారీ వేరేగా, మళ్లీ రాయండి. ఫోన్‌లో వద్దు, చెరిపేస్తారు. శవం చేయలేనిదాన్ని ఒక్కటే ఉంచండి. ఏడు రోజులూ రాత్రిపూట దాని పక్కన 0 నుంచి 10లో (10 అంటే లక్ష్యం పూర్తిగా చేరినట్టు) ఎక్కడున్నారో అంకె వేసి, ఇంకొక్క మెట్టు ఎక్కితే ఏం తేడా కనిపిస్తుందో ఒక ముక్క రాయండి. 10 గురించి రాయవద్దు. ఆ కాగితాన్ని సెషన్‌లో చదివి వినిపించి, "దీన్ని ఎన్ని సెషన్ల తర్వాత మళ్లీ చూద్దాం?" అని అడగండి.