సూపర్ కర్బీ క్లాష్: విగర్ వృథా చేయకండి

నింటెండో స్విచ్‌లో 2019లో ఉచితంగా వచ్చిన సూపర్ కర్బీ క్లాష్ ఆటలో దారీ డొంకా ఏమీ ఉండవు, నేరుగా బాస్‌తోనే, అంటే పెద్ద శత్రువుతోనే కుస్తీ. ప్రతి పోరుకీ కొంత విగర్ (ఆటలోని శక్తి) ఖర్చవుతుంది. అయిపోతే మళ్లీ నిండేదాకా కూర్చోవాలి, లేదా ఆటలో డబ్బులా వాడే జెమ్ యాపిల్స్ వదిలించుకోవాలి. లెవెల్ పెరిగితే మాత్రం విగర్ దానంతటదే నిండిపోతుంది. అందుకని లెవెల్ పెరగబోతోందంటే ముందు ఉన్న విగరంతా చిన్నాచితకా పోరాటాల్లో ఊడ్చేయండి. నేనైతే సగం విగర్ ఉండగానే లెవెలెక్కి, ఆ సగం గాలికి పోయిందని చాన్నాళ్లకు గానీ గమనించలేదు.

అన్నట్టు, ఒంటరిగా ఆడేవాళ్లు ఆటలోని పాత్రల్లో మంత్రగాడైన బీమ్ మేజ్‌ని తీసుకోండి. బాస్‌ని కాసేపు బొమ్మలా నిలబెట్టేస్తాడు!