పాత మజిల్ కారు మళ్ళీ వచ్చినప్పుడు అభిమానుల గోలలోంచి పనికొచ్చే మాట ఏరుకోవడం ఎలా

అమెరికన్ కంపెనీ ఏదైనా పాత మజిల్ కారు (పెద్ద ఇంజన్‌తో దూసుకెళ్ళే కారు) పేరు బయటికి తీసిందంటే మొదటి వారం సీన్ ఎప్పుడూ ఒకటే. సగం మంది "ఇదా మా కారు?" అని తిట్టిపోస్తారు, సగం మంది డీలర్ దగ్గరికి ఎప్పుడొస్తుందని అడుగుతారు, కొనాలనో ఊరికే తెలుసుకోవాలనో చూసేవాడు ఈ ఇద్దరి మధ్యలో నలిగిపోతాడు. నన్నడిగితే ఆ తిట్లన్నిటికీ ఒకే విలువ ఇవ్వక్కర్లేదు. కొన్ని ఏడాదిలో చల్లారిపోతాయి, కొన్ని ఆ కారు ఉన్నన్నాళ్ళూ దాన్ని వదలవు. ఏది ఏ రకమో ముందే పట్టుకోవచ్చు.

మొదట చూడాల్సింది, మాట్లాడేవాడి మనసులో ఉన్నది ఏ ఏడాది కారు అని. డాడ్జ్ ఛార్జర్ అనగానే పెద్ద వయసువాళ్ళకి 1968-70 నాటి రెండు డోర్ల కారు గుర్తొస్తుంది. కుర్రాళ్ళకి ఛార్జర్ అంటేనే నాలుగు డోర్లు, ఎందుకంటే వాళ్ళు పుట్టి పెరిగింది 2006 మోడల్ వచ్చాక. ఆ 2006 కారు వచ్చినప్పుడు "ఛార్జర్‌కి వెనక డోర్లేంటి, సిగ్గులేకపోతే సరి" అని ఎంత గొడవ చేశారో! అదే కారు కుటుంబాలకీ పోలీసులకీ నచ్చి 2023 దాకా అమ్ముడుపోయింది. కాబట్టి పేరు మీద, డోర్ల మీద వచ్చే కోపాన్ని వినండి కానీ అందులో సగం తీసేయండి. (డాడ్జ్‌దే ఇంకో మజిల్ కారు ఛాలెంజర్ పేరును 1978లో ఒక మిత్సుబిషి కారుకి తగిలించారు. అది గుర్తున్నవాళ్ళు 2008లో వచ్చిన ఛాలెంజర్‌ని పేరు చెడగొట్టిందని అనడం కష్టం.)

అలాగని రూపం గురించిన ఫిర్యాదులన్నీ ఉత్తవే అనుకుంటే పొరపాటు. 2004 పాంటియాక్ జీటీఓ చూడండి. ఆస్ట్రేలియాలో హోల్డెన్ మొనారోగా అమ్ముతున్న కారునే తెచ్చి 1964 నాటి పేరు పెట్టారు. 350 హార్స్‌పవర్ వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్), వెనక చక్రాలకి పవర్, మంచి సీట్లు, నడిపినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కానీ పార్కింగ్‌లో దాన్ని జీటీఓ అని ఎవరూ గుర్తుపట్టలేదు, అసలు కంప్లైంట్ అదే. 2005లో బానెట్ మీద స్కూపులు (గాలి తీసుకునే ఉబ్బెత్తు రంధ్రాలు) పెట్టి ఇంజన్‌ని 400 హార్స్‌పవర్‌కి పెంచినా లాభం లేకపోయింది, 2006తో ఆపేశారు. మజిల్ కారు కొనేవాడు సగం డబ్బు ఆ రూపానికే ఇస్తాడు. అందుకే "పాత కారులా లేదు" అన్న మాట కంటే "అసలు ఏ కారులానూ లేదు" అన్న మాటకి ఎక్కువ భయపడాలి.

ఇక అసలు చెవి పెట్టాల్సింది, కారులో కూర్చున్నవాడు చెప్పే మాట. 2010 షెవర్లే కమారో బొమ్మ చూసి అందరూ చప్పట్లు కొట్టారు. 2002లో ఆగిపోయిన కారు, 1969 కారు పోలికలతో తిరిగొస్తే కొట్టరా మరి. నడిపినవాళ్ళు మాత్రం చిన్న గొంతుతో ఒక మాట అన్నారు: బయట ఏమీ కనపడట్లేదని. నిజమే. కిటికీ అంచు భుజం దాకా ఉంటుంది, అద్దం సన్నటి చీలికలా ఉంటుంది, లేన్ మారుదామని తల వెనక్కి తిప్పితే పైకప్పుని మోసే లావుపాటి పిల్లర్ తప్ప ఏం కనపడదు. తర్వాతి తరం కమారోలోనూ అదే బాధ, 2024 మోడల్‌తో కారు ఆగిపోయేదాకా ప్రతి ఒక్కరూ అదే చెప్పారు. చప్పట్ల మధ్యలో వినపడే ఇలాంటి చిన్న ఫిర్యాదే డబ్బు పెట్టేముందు పనికొచ్చేది.

అంకెల గొడవలో మాత్రం జాగ్రత్త. "మా పాత 426 హెమీ ఇంజన్ 425 హార్స్‌పవర్, ఈ 2008 ఛాలెంజర్ కూడా 425, నలభై ఏళ్ళలో ఏం పొడిచారు?" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. పాత అంకె గ్రాస్ లెక్క, అంటే ఇంజన్‌ని బయట స్టాండ్ మీద పెట్టి, మామూలు సైలెన్సర్ లాంటివి తగిలించకుండా కొలిచింది. 1972 మోడళ్ళ నుంచి నెట్ లెక్క వచ్చింది, కారులో ఉండాల్సినవన్నీ బిగించి కొలుస్తారు. ఒకే ఇంజన్‌కి ఈ రెండు లెక్కల్లో చాలా తేడా వస్తుంది. రెండు కాలాల కార్లని పోల్చాలంటే హార్స్‌పవర్ వదిలేసి డ్రాగ్ స్ట్రిప్ టైమ్ (తిన్నటి ట్రాక్ మీద కొలిచిన పరుగు సమయం) అడగండి, టైర్ల తేడా కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పటి పెద్ద రచ్చ ఎలక్ట్రిక్ ఛార్జర్ డేటోనా గురించి. ఇందులో రెండు కోపాలు కలిసిపోయి వినపడతాయి, వాటిని విడదీయాలి. ఒకటి శబ్దం. వి8 లేదు కాబట్టి డాడ్జ్ స్పీకర్లతో, గాలి గదులతో ఒక కృత్రిమ సైలెన్సర్ తయారుచేసి 126 డెసిబెల్స్ దాకా అరుస్తుందని చెప్పుకుంది. ఇది నచ్చడం నచ్చకపోవడం పూర్తిగా మీ ఇష్టం, ఇంకొకరి అభిప్రాయంతో పనిలేదు, వెళ్ళి ఒకసారి వినండి. రెండోది బరువు. స్కాట్ ప్యాక్ అనే ఎక్కువ పవర్ వెర్షన్ దాదాపు 2,650 కిలోలు. హెల్‌క్యాట్ అనే 707 హార్స్‌పవర్ పెట్రోల్ ఛాలెంజరే రెండు టన్నులు దాటి బరువని తిట్లు తింది, దాని మీద ఇంకో 600 కిలోలు. 670 హార్స్‌పవర్ ఉంది కాబట్టి తిన్నటి రోడ్డు మీద ఆ బరువు తెలియదు, మలుపులోనూ బ్రేక్ మీదా తెలుస్తుంది. "ఆత్మ లేదు" అన్నవాడిని పక్కన పెట్టి "మలుపులో బరువు లాగుతోంది" అన్నవాడి దగ్గర కూర్చోండి.

ఇంకో ప్రశ్న తప్పకుండా వేయండి: ఇది మీరు కోరినట్టే వస్తే కొంటారా? చాలామంది నోరు అక్కడ ఆగుతుంది. వాళ్ళ ప్రేమ నిజమే, కానీ వాళ్ళ గరాజ్‌లో ఆల్రెడీ 1970 కారు ఉంది, కొత్తది ఎలా ఉన్నా కొనరు. అలాగని కొననివాళ్ళ గోల వృథా అని కాదు. 1980లలో ఫోర్డ్ మాజ్దా భాగాలతో, ముందు చక్రాలకి పవర్ ఇచ్చే కారుకి మస్టాంగ్ పేరు పెట్టబోతుందని తెలిసి అభిమానులు ఉత్తరాలతో ముంచెత్తారు. ఆ కారు చివరికి ప్రోబ్ పేరుతో వచ్చింది, వి8 మస్టాంగ్ బతికిపోయింది.

వీలైతే ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూలో జరిగే డ్రీమ్ క్రూజ్ అనే కార్ల ఊరేగింపుకి వెళ్ళండి. పాతదీ కొత్తదీ పక్కపక్కనే దొరుకుతాయి, యజమానిని బానెట్ తీయమంటే గంటసేపు కబుర్లు చెబుతాడు. ఏం నచ్చిందని అడగొద్దు. రెండేళ్ళలో ఏం పాడైంది, ఏం విసిగించింది, అమ్మేస్తే తర్వాత ఏం కొంటావు అని అడగండి.

చివరగా, తొందర లేకపోతే మొదటి ఏడాది మోడల్ వదిలేయండి. గొడవ గట్టిగా ఉంటే కంపెనీలు వింటాయి. జీటీఓకి స్కూపులు అలాగే వచ్చాయి. ఇక ఛార్జర్‌కి ఎలక్ట్రిక్ తర్వాత సిక్స్‌ప్యాక్ పేరుతో 420, 550 హార్స్‌పవర్ పెట్రోల్ వెర్షన్లు దిగాయి, వి8 కాదు, ట్విన్ టర్బో ఆరు సిలిండర్లది. దాని మీద తిట్లు ఇంకోరకం, మళ్ళీ మొదటి నుంచి ఏరుకోవాలి.