మామూలు మనుషుల కథలతో ఇంగ్లిష్ లిజనింగ్: ఎక్కడ ఆగిపోతున్నది, ఎట్లా సరిచేయాలి

నల్గొండ, మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీల పిల్లలు వార్తల ఇంగ్లిష్ బాగానే అందుకుంటారు. ఒక ముసలాయన తన పెళ్లి ముచ్చట చెప్తే మాత్రం తడబడతారు. ఉద్యోగంలో, ఫోన్లో వినాల్సింది ఆ రెండో రకం ఇంగ్లిషే. అమెరికాలో స్టోరీకార్ప్స్ అనే సంస్థ 2003 నుంచి, ఒకరికొకరు తెలిసిన ఇద్దరిని కూర్చోబెట్టి 40 నిమిషాల ముచ్చట రికార్డు చేస్తున్నది. అందులోంచి రేడియో కోసం కత్తిరించిన రెండు మూడు నిమిషాల ముక్కలతో మొదలుపెట్టండి, వాటికి స్క్రిప్ట్ (మాట్లాడింది మాట్లాడినట్టు రాసిపెట్టినది) దొరుకుతుంది.

స్క్రిప్ట్ చూస్తే అన్నీ తెలిసిన మాటలే, వింటే అందదు

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. పదాలు రాకపోవడం దీనికి కారణం కాదు. "ఏం చేస్తున్నవు" మన నోట్లో "ఏంజేస్తున్నవ్" అయినట్టే, "టోల్డ్ హిమ్" వాళ్ల నోట్లో "టోల్డిమ్" అవుతుంది, "వుడ్ హావ్" "వుడవ్" అవుతుంది. మనం విడివిడిగా నేర్చుకున్నాం కాబట్టి చెవి విడి మాటల కోసమే వెతుకుతుంది.

15 నుంచి 20 సెకన్ల ముక్క ఒక్కటే తీసుకోండి. స్క్రిప్ట్ మూసి మూడుసార్లు విని, విన్నది విన్నట్టు రాయాలి. అందనిచోట గీత పెట్టాలి. తర్వాత స్క్రిప్ట్ తెరిచి, తప్పిపోయినవాటిని ఎర్రపెన్నుతో నింపాలి. ఎరుపులో ఎక్కువగా కనిపించేవి హిమ్, హావ్, ఆఫ్, టు లాంటి చిన్న మాటలే. మళ్లీ విని, ఆ తునకను అదే వేగంతో నోటితో అనాలి. ఈ మెట్టు వదిలేస్తే మిగతా శ్రమ సగం వృథా. స్పీడు 0.75కి తగ్గించుకోవచ్చు గానీ 0.5 వద్దు, శబ్దం సాగిపోయి అసలు రూపమే పోతుంది. చివరిసారి మామూలు స్పీడులోనే వినాలి.

అర్థం తిరగబడుతున్నది

"కెన్", "కాంట్" దగ్గర చూడండి. అమెరికన్ల మాటల్లో "కాంట్" చివరి ట చాలాసార్లు వినబడదు. అందుకని ట కోసం కాచుకోవద్దు. "కన్" అని నలిగి, బరువు తర్వాతి మాట మీద పడితే చేయగలను అని. "క్యాన్" అని గట్టిగా పలికితే చాలావరకు చేయలేను అని.

ఎవరు ఏమన్నారో తెలియడం లేదు

కథ చెప్పేటప్పుడు "హీ గోస్", "ఐ వాజ్ లైక్" అంటే "అన్నాడు", "అన్నాను" అని. పిల్లలు "వెళ్లాడు" అనుకుంటారు. జరిగిపోయిన కథ మధ్యలో వర్తమానంలోకి దూకడం కూడా మామూలే. అలాంటిచోట స్క్రిప్ట్ మీద ఎవరి మాటకు ఒక రంగు చొప్పున గీతలు కొట్టిస్తే తేలిపోతుంది.

మొదటి అర నిమిషం సరే, తర్వాత దారి తప్పుతున్నారు

ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి మార్చుకుంటూ వెనకబడుతున్నారు. మొదటిసారి మూడు ప్రశ్నలే ఇవ్వండి: ఎవరు, ఎక్కడ, ఏం మారింది? జవాబు తెలుగులో రాసినా పరవాలేదు.

వెనక బెంచీలకు వినబడదు

ఫ్యాన్ల చప్పుడులో స, ఫ, ట లాంటి శబ్దాలు ముందుగా మునిగిపోతాయి. స్పీకర్‌ను టేబుల్ మీద కాకుండా గది నడుమ, తల ఎత్తులో పెట్టండి. ఎండాకాలం ఫ్యాన్లు ఆపలేం కాబట్టి ఫోన్ చుట్టూ నలుగురు చొప్పున కూర్చోబెట్టండి. ఆడియో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఒక పిల్లో పిల్లవాడో ఒక్కసారిగా మౌనమైపోయారు

ఈ కథల్లో చావులు, యుద్ధాలు, విడిపోవడాలు చాలా ఉంటాయి. పాలమూరు వలస ఇళ్ల పిల్లలకు తండ్రి దూరమైన కథ సూటిగా తగలవచ్చు. ప్రతి ముక్కనూ చివరిదాకా విన్నాకే క్లాసుకు తేవాలి. మౌనమైన పిల్లలను జవాబు అడగొద్దు, వేరే కథ ఇవ్వండి.

వినడం వచ్చింది, మాట్లాడితే మాత్రం పుస్తకం చదివినట్టుంది

రాసుకున్నది చదువుతున్నారు. నానమ్మనో తాతనో పాత రోజుల గురించి అడిగి రమ్మని, ఆ ముచ్చటను ఇంగ్లిష్‌లో ఒక్క నిమిషం ఫోన్లో రికార్డు చేయించండి. చేతిలో నాలుగు పాయింట్ల చీటీ ఉండొచ్చు, పూర్తి వాక్యాలు వద్దు. మధ్యలో ఆగినా, మాట వెనక్కి తీసుకున్నా తుడిపేయనివ్వకండి.