పార్కిన్సన్స్ మాత్రలు: సంగటి వేళ, ఎండ వేళ

మెదడులో కదలికలను నడిపే స్ట్రయాటం అనే భాగంలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి పగ్గం వేసేది డోపమైన్ అనే మరో రసాయనం. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులో డోపమైన్ తగ్గి ఆ పగ్గం వదులై వణుకు, బిగుసుకుపోవడం పెరుగుతాయి.

జేజికో అబ్బకో, మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా మాత్రను తిండికి 30 నిమిషాల ముందు, లేదంటే తిన్న గంటకు ఇవ్వండి. సంగటిలోకి వేసే పప్పు, చెనిక్కాయల ఊరిబిండి, నాటుకోడి పులుసు, వీటి ప్రోటీన్ పేగు దగ్గరా మెదడు గడప దగ్గరా మందుకు అడ్డుపడుతుంది. కడుపులో తిప్పితే గుప్పెడు ఒట్టి బొరుగులు చాలు.

ట్రైహెక్సీఫెనిడిల్ అనే మరో పార్కిన్సన్స్ మాత్ర ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. వణుకు తగ్గుతుంది గానీ ముసలివాళ్లకు మతి తడబాటు, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం రావచ్చు. చెమటా తగ్గుతుంది, కర్నూలు, కడప మే ఎండల్లో అదే అసలు ప్రమాదం, ఒళ్లు చల్లబడక వడదెబ్బ కొడుతుంది. పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా నీడపట్టునే ఉంచండి.

ఏ మాత్రనూ మీరుగా ఒక్కసారిగా ఆపొద్దు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ రాస్తే పార్కిన్సన్స్ ఉందని డాక్టరుకు చెప్పండి, అది డోపమైన్‌నే అడ్డగిస్తుంది.