కార్డు కొనడానికి ముందు బయోస్ తెరవండి

"అక్కా, జీటీఏ 6 వస్తోంది కదా, ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించమంటావు?" అనంతపురం సుభాష్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే నన్ను పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ఇప్పుడే ఏదీ కొనవద్దు అనే చెబుతున్నాను. ఆ ఆటకు ప్రకటించిన 2026 నవంబరు 19 తేదీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకే. జీటీఏ 5 కూడా కన్సోళ్లకు 2013 సెప్టెంబరులో వస్తే, కంప్యూటర్లకు 2015 ఏప్రిల్‌లో గానీ రాలేదు. కనీస అవసరాల జాబితా కూడా లేని ఆట కోసం, వేరుశనగ అమ్మిన డబ్బులోంచి నాన్న తీసి ఇచ్చిన సొమ్ము ఖర్చుపెట్టించడానికి నాకు మనసొప్పదు.

ఈలోగా చేసుకోదగ్గ పని చాలా ఉంది. అందులో మొదటి భాగం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో చేసేది; దానికి పైసా ఖర్చు లేదు.

నా బల్ల మీదికి తరచుగా వచ్చే రకం యంత్రాన్నే తీసుకుందాం: రైజెన్ 5 2600 ప్రాసెసర్, బి450 బోర్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, హార్డ్ డిస్క్, విండోస్ 10. ఇందులో ముందు చూడాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో చాలావరకు రైజెన్ 2000 వరుస నుంచి ప్రాసెసర్లు పనికొస్తాయి. వాటితోపాటు టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్‌కు (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ను మొదలవనిచ్చే ఏర్పాటు) వీలున్న బోర్డు కావాలి. ఇప్పుడు ఆటలూ వీటిని అడుగుతున్నాయి. బ్యాటిల్‌ఫీల్డ్ 6కు కనీసంగా చెప్పిన ఏఎండీ ప్రాసెసర్ మన 2600నే. అయినా సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే ఆ ఆట మొదలే కాదు.

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉంటే సగం పని అయిపోయినట్టే. లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే మాత్రం నేరుగా బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ వేయకండి, విండోస్ తెరుచుకోదు. డిస్కు విభజనల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి ముందు దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చాలి. ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం విండోస్‌లోనే ఉంది. ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు వ్యాలిడేట్ ఆదేశం (mbr2gpt /validate) ఇవ్వండి. అది సరేనంటేనే కన్వర్ట్ ఆదేశం (mbr2gpt /convert). రెండింటి చివరా /allowFullOS అని చేర్చాలి, లేకపోతే నడుస్తున్న విండోస్‌లోంచి అది పనిచేయదు.

తర్వాత బయోస్‌లోకి వెళ్లి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేయించే ఏర్పాటు) ఆపండి. ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆన్ చేయండి. ఇంటెల్ బోర్డుల్లో దీని పేరు పీటీటీ. ఆఖరున సెక్యూర్ బూట్. ఇంత చేసినా విండోస్ దాన్ని ఆఫ్ అనే చూపిస్తే, బయోస్‌లో అదే పేజీలో ఫ్యాక్టరీ కీలను తిరిగి నింపే ఎంపిక ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక ఖర్చు. హార్డ్ డిస్క్ మీద కొత్త ఆటలు ఆడించాలని చూడకండి; స్టార్‌ఫీల్డ్ లాంటివి ఎస్ఎస్‌డీ తప్పనిసరి అని ముందే చెప్పేశాయి. కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ 11ను మొదటి నుంచి ఎక్కించేటప్పుడు మిగతా డిస్కుల తీగలు ఊడదీసి ఉంచండి. బూట్ ఫైళ్లు పాత డిస్కులోకి వెళ్లిపోయి తర్వాత తలనొప్పి కాకుండా ఉంటుంది. ర్యామ్ 16 జీబీకి తక్కువ వద్దు, అదీ జంటగా. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ అనే బయోస్ సెట్టింగు ఆన్ చేయకపోతే కొన్న వేగం మీకు అందదు.

ప్రాసెసర్ కోసం బోర్డు మార్చనక్కర్లేదు. బి450 మీద రైజెన్ 5 5600 చక్కగా పనిచేస్తుంది, కానీ పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను అప్‌డేట్ చేయాలి. యూపీఎస్ లేకుండా ఆ పనికి పూనుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు. ప్రాసెసర్ మార్చాక తొలిసారి ఆన్ చేసినప్పుడు, ఎఫ్‌టీపీఎంను రీసెట్ చేయాలంటే వై, వద్దంటే ఎన్ నొక్కమని నల్లటి తెర మీద రావచ్చు. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) వేసి ఉంటే, రికవరీ కీ చేతిలో లేకుండా వై నొక్కకండి. మీ ఫైళ్లకు మీరే దూరమవుతారు. ఈ గొడవంతా లేకుండా, ప్రాసెసర్ తీయకముందే బిట్‌లాకర్‌ను ఆపేయడం మేలు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర 1050 టీఐకి కాలం చెల్లింది. దానికి కొత్త ఆటల డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి ఆటలు రే ట్రేసింగ్ (వెలుగు కిరణాలను లెక్కగట్టి చూపడం) చేయగల, 8 జీబీ మెమరీ ఉన్న కార్డును కనీస అవసరంగానే అడుగుతున్నాయి. అందుకే 8 జీబీకి తక్కువది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దంటాను. ఆర్‌టీఎక్స్ 4060, 5060 కార్డులు 8 లేన్ల (బోర్డుతో డేటా నడిచే దారుల) మీదే నడుస్తాయి. బి450 లాంటి, కార్డు స్లాటు పాత తరం (పీసీఐఈ 3.0) అయిన బోర్డులో, కార్డు మెమరీ నిండినప్పుడు ఆ లోటు తెలుస్తుంది.

కార్డు మీద వేలు పోసి, క్యాబినెట్‌తో వచ్చిన పేరు లేని పవర్ సప్లైని అలాగే ఉంచేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అది కాలిపోతే తనతోపాటు కార్డునూ తీసుకుపోగలదు. 5060కి ఎన్విడియా సూచించేది 550 వాట్లు; పేరున్న కంపెనీది, 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తింపు) ఉన్నది తీసుకోండి. కంప్యూటర్ విడిభాగాల బజారైన బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి కొనేవాళ్లు జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. పెట్టె మీది నంబరుతో, కార్డు మీది నంబరుతో కలుస్తుందో లేదో కొట్టులోనే చూడండి. వారంటీకి ఆ నంబరే ఆధారం.

మన ఊరి వేసవిలో గదే 40 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది, గాలిలో దుమ్ము సరేసరి. మార్చి ముగిసేలోగా క్యాబినెట్ తెరిచి బ్లోయర్‌తో శుభ్రం చేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాయండి. ఆ తర్వాత ఒక బరువైన ఆటను అరగంట ఆడించి, కార్డు వేడి 85 డిగ్రీలు దాటుతుంటే క్యాబినెట్ ముందువైపు మరో ఫ్యాన్ బిగించండి.