కాలిఫోర్నియాలో కొండ భూమి చవగ్గా వస్తోందా? పాత గంజాయి తోట ఫైన్ మీ నెత్తిన పడకుండా ఏం చూసుకోవాలి

బే ఏరియాలో ఇల్లు కొనే స్తోమత లేక హంబోల్ట్, ట్రినిటీ, మెండోసినో కౌంటీల్లో ఎకరాల లెక్కన భూమి చూస్తున్న మనవాళ్ళ కోసం ఇది. 2016లో ప్రాప్ 64తో (జనం ఓటేసి తెచ్చుకున్న రాష్ట్ర చట్టం) గంజాయి లీగల్ అయిపోయింది కదా ఇంకేం గొడవ అనుకోకండి, లైసెన్స్ లేకుండా తోట వేస్తే ఇప్పటికీ ఇల్లీగలే, పైగా అసలు పెద్ద దెబ్బ మొక్కల వల్ల కాదు, వాగుకీ మట్టికీ చేసిన డ్యామేజీ వల్ల పడుతుంది.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. కాలిఫోర్నియా చట్టం ఫిష్ అండ్ గేమ్ కోడ్‌లో 12025 సెక్షన్ ప్రకారం సొంత భూమిలోనో లీజు భూమిలోనో తోట కోసం పర్మిషన్ లేకుండా వాగుని మళ్ళిస్తే ఒక్కో వయొలేషన్‌కి 8,000 డాలర్ల దాకా, నీళ్ళలోకి విషమో చెత్తో చేరితే 20,000 దాకా. అదే గవర్నమెంట్ అడవిలోనో పక్కవాడి భూమిలోనో దొంగతనంగా చేస్తే 10,000, 40,000. ఇందులో ప్రతి రోజూ కొత్త వయొలేషనే, అంటే ఒక్క వాగు కేసు 30 రోజులు సాగితే పై లిమిట్ ప్రకారం 2,40,000 డాలర్లు, భూమి కొన్న రేటు కంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

ఇవి కాక కౌంటీ ఫైన్లు వేరే. హంబోల్ట్‌లో గంజాయి పేరు మీద వయొలేషన్‌కి రోజుకి 6,000 నుంచి 10,000 దాకా వేశారు, సరిచేసుకోడానికి ఇచ్చింది పది రోజులు. పాత ఓనర్ చేసిన పనికి కొత్తగా కొన్నవాళ్ళకి కూడా నోటీసులు వచ్చాయని కొందరు 2022లో కోర్టుకెక్కారు, 2024 డిసెంబర్‌లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు ఈ ఫైన్లు మరీ ఎక్కువన్న వాదన వినాల్సిందేనని కేసుని మళ్ళీ నడిపించింది. బావుంది గానీ ఆ కోర్టు తిరుగుళ్ళు మనకెందుకు, కొనకముందే చూసుకుంటే పోలా.

గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు వెనక్కి జరుపుతూ చూడండి. చెట్లు కొట్టి చదును చేసిన ముక్క, తెల్లటి ప్లాస్టిక్ షెడ్లు, అంతకుముందు లేని కుంట కనిపిస్తే అక్కడే ఆగండి, కౌంటీ వాళ్ళు కూడా శాటిలైట్ ఫొటోలు చూసే నోటీసులు పంపారు మరి. తర్వాత ఈ నోటీసులు పంపే కౌంటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసుకి పార్సెల్ నంబర్ (ఆ భూమికి ఉండే నంబర్) చెప్పి ఓపెన్ కేసులు ఉన్నాయా అని అడగండి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి. టైటిల్ రిపోర్టులో లియెన్ (భూమి మీద ఉన్న బాకీ) ఉందేమో మీరే చదవండి, ఏజెంట్ "ఏం లేదు సార్" అంటే నమ్మి ఊరుకోకండి.

భూమి మీదకి వెళ్ళినప్పుడు వాగు వెంబడి నడవండి. నల్ల పైపులు, రాళ్ళతో టార్పాలిన్‌తో కట్టిన అడ్డుకట్ట, ఎరువు బస్తాలు ఉన్నాయేమో చూడండి, అవి తోట గుర్తులు. పేరు లేని సీసాలు, డబ్బాలు మాత్రం అస్సలు ముట్టుకోకండి, ఈ దొంగ తోటల్లో కార్బోఫ్యురాన్ దొరుకుతుంటుంది, మన దగ్గర వరికి చల్లే ఫ్యురడాన్ గుళికల్లో ఉండేది అదే మందు (మా నాన్న వట్టి చేత్తో చల్లేవాడు, తల్చుకుంటే ఇప్పుడు భయమేస్తుంది). ఎలుకల మందు సంగతి ఇంకా దారుణం, 2012లో వచ్చిన ఒక స్టడీలో చచ్చిన 58 ఫిషర్లని, అంటే ముంగిసలా ఉండే అడవి జంతువుల్ని, పరీక్షిస్తే 79 శాతం ఒంట్లో అది దొరికింది. మొక్కలు ఇంకా పచ్చగా ఉంటే మనుషులు కూడా దగ్గర్లోనే ఉన్నట్టు, ఫొటోలంటూ నిలబడకుండా వెనక్కి వచ్చి షెరిఫ్‌కి ఫోన్ చెయ్యండి.

ఒకవేళ కొనేశాక నోటీసు వస్తే కవర్ మీద తేదీ, చేతికి అందిన తేదీ రెండూ రాసి పెట్టుకోండి. పైన చెప్పిన వాగు కేసులు చూసే రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ పెనాల్టీ కంప్లెయింట్ అయితే హియరింగ్ అడగడానికి 20 రోజులే టైం, అడగలేదంటే చాన్స్ పోయినట్టే. కొన్న తేదీ, పాత ఫొటోలు, కొనకముందు కౌంటీ ఇచ్చిన ఈమెయిల్ అన్నీ పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్ళండి, ల్యాండ్ యూజ్ కేసులు చూసేవాళ్ళైతే మేలు.

ఇక క్లీనింగ్. చెత్త, ప్లాస్టిక్ తీయించొచ్చు, మందు డబ్బాలకి హజార్డస్ వేస్ట్ వాళ్ళని పిలవాలి. వాగులో ఉన్న కట్టనో తూమునో మాత్రం ఆవేశపడి పీకించకండి, అది తీసేయడానికి కూడా ముందుగా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళకి 1602 నోటిఫికేషన్ (వాగులో పని చేసే ముందు ఇచ్చే నోటీసు) పెట్టాలి, మంచి పనే కదా అని ఎక్స్‌కవేటర్ దింపారంటే ఈసారి వయొలేషన్ పాత ఓనర్‌ది కాదు, అచ్చంగా మీదే.