విజిటర్ వీసా మీద వెళ్ళి టెక్సాస్‌లో సమ్మర్ వేట: హంటింగ్ లైసెన్స్ ఎలా తీసుకోవాలి, ఏది ముందు ఏది తర్వాత

తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక, ఆంధ్రా రాష్ట్ర జంతువు కృష్ణ జింక, ఇక్కడ ఈ రెండింటి మీద తుపాకి ఎత్తితే 1972 వన్యప్రాణి చట్టం కింద బొక్కలో వేస్తారు, అవే జింకల్ని టెక్సాస్‌లో లైసెన్స్ తీసుకుని ఎండాకాలంలో కూడా వేటాడొచ్చు అని మా బావ ఫోన్లో చెప్తే జోక్ చేస్తున్నాడనుకున్నా. జోక్ కాదు. 1930ల్లో మన దేశపు జింకల్ని అక్కడ రాంచ్‌ల వాళ్ళు, అంటే పశువుల్ని పెంచే పెద్ద పెద్ద భూముల ఓనర్లు, తెచ్చి వదిలారు, అవి పెరిగి పెరిగి ఇప్పుడు టెక్సాస్ మధ్యలో హిల్ కంట్రీ అనే గుట్టల ప్రాంతం అంతా ఉన్నాయి, దక్షిణాన కింగ్ రాంచ్ వైపు వెళ్తే మనుబోతులు (నీల్‌గాయ్) కూడా మందలు మందలుగా తిరుగుతాయి. అక్కడి సొంత జింక అయిన వైట్‌టెయిల్‌కి సీజన్ చలికాలం చుట్టుపక్కలే, మనలాంటోళ్ళు పిల్లల సెలవుల్లో జూన్‌లో వెళ్తాం కాబట్టి అది దొరకదు, కానీ బయటి నుంచి తెచ్చిన జంతువుల్ని వాళ్ళు ఎగ్జాటిక్స్ అంటారు, వాటికి రాష్ట్రం సీజన్ పెట్టలేదు, ఏడాది పొడుగునా ఓకే. పైగా మచ్చల జింక మగదానికి కొమ్ములు బాగా గట్టిపడి ఉండేది కూడా ఈ మే, జూన్, జులైలోనే. అడవి పందులైతే ఎప్పుడైనా సరే, అక్కడి రైతులకి అవంటే మన వాళ్ళ కంటే ఎక్కువ మంట.

సరే ఇప్పుడు అసలు సంగతి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి, ప్రైవేట్ భూమిలో ఓనర్ ఒప్పుకుంటే అడవి పందిని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. ఇది నిజమే, ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు, మా బావ కూడా ఇదే చెప్పాడు, "బామ్మర్దీ, నువ్వు రా, ఫ్రెండ్ రాంచ్ ఉంది, పేపర్ ఏం అక్కర్లేదు" అని. కానీ ఈ మాట అమెరికన్ సిటిజన్‌కీ గ్రీన్‌కార్డ్ ఉన్నోళ్ళకీ మాత్రమే వర్తిస్తుంది. మనకి అడ్డం వచ్చేది టెక్సాస్ చట్టం కాదు, ఫెడరల్ చట్టం. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే కొన్నాళ్ళు ఉండి వెళ్ళడానికి ఇచ్చే వీసా మీద అమెరికాలోకి వచ్చినోళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ చేతిలో పెట్టుకోవడమే నేరం, 15 ఏళ్ళ దాకా జైలు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనలాంటోళ్ళకి సులువుగా అందేది ఒక్కటే, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, డేట్ అయిపోని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. అంటే పందికి లైసెన్స్ అక్కర్లేదు, పంది వైపు చూపించే తుపాకికి కావాలి. ఈ ముక్క అర్థమైతే మిగతా ప్రాసెస్ అంతా దానంతటదే వరసలో పడిపోద్ది.

ఇది టూరిస్టులకే కాదు, హెచ్1బి మీద ఉన్నోళ్ళకీ, ఎఫ్1 స్టూడెంట్స్‌కీ కూడా ఇదే రూల్, డాలస్ చుట్టుపక్కల వీకెండ్ రాగానే షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి ఫొటోలు పెట్టే మన కుర్రాళ్ళలో సగం మందికి ఈ సంగతే తెలీదు. రేంజ్‌లో పది నిమిషాలు అద్దె తుపాకి పట్టుకున్నా పట్టుకున్నట్టే లెక్క. మా బావ హెచ్1బి, ఆరేళ్ళుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాడు, నేను ఈ రూల్ చదివి వినిపించాక ఆ రాత్రే కూర్చుని లైసెన్స్ కొన్నాడు. ఫిషింగ్ లైసెన్స్ ఉంది కదా అంటే అది పనికిరాదు. ఇంకోటి, ఐ94లో, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డులో ఇచ్చిన తేదీ దాటి ఉంటే హంటింగ్ లైసెన్స్ ఉన్నా మిమ్మల్ని కాపాడదు, అప్పుడు మీరు వేరే కేటగిరీలో పడతారు, దానికి ఈ మినహాయింపే లేదు.

వీసా గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వేటకి సెపరేట్ వీసా ఉండదు, మామూలు బి1/బి2 చాలు, డీఎస్160 అనే ఆన్‌లైన్ వీసా ఫారం నింపాలి, 185 డాలర్ల ఫీజు, హైదరాబాద్ వాళ్ళైతే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఫారంలో ఒక చోట తుపాకులు, పేలుడు పదార్థాల్లాంటి వాటిలో మీకు ప్రత్యేక నైపుణ్యం గానీ ట్రైనింగ్ గానీ ఉందా అని అడుగుతుంది. ఎన్‌సీసీలో చేసినోళ్ళు, రైఫిల్ క్లబ్‌లో మెంబర్లు ఇక్కడ ఆగి ఆలోచించి ఉన్నది ఉన్నట్టు రాయండి, నో అని కొట్టేసి తర్వాత ఇంటర్వ్యూలో వేట గురించి మాట్లాడితే వాళ్ళకి అనుమానం రాదా మరి. నన్ను ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ ఎందుకెళ్తున్నావ్ అనడిగితే అక్క వాళ్ళింటికి, మధ్యలో రెండ్రోజులు హంటింగ్ ట్రిప్ అని చెప్పా, ఆమె నవ్వి ఏం వేటాడతావ్ అంది, పందులు అన్నా, అంతే. వీసా చేతికి రాకముందు రాంచ్‌కి అడ్వాన్స్ మాత్రం కట్టకండి, చాలా చోట్ల అది తిరిగి రాదు.

వీసా వచ్చాక చేయాల్సింది హంటర్ ఎడ్యుకేషన్. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళు వేటకి వెళ్ళాలంటే ఈ కోర్సు పాసై ఉండాలి, అంటే ఇది చదివే వాళ్ళలో ముప్పావు వంతు మంది. 17 ఏళ్ళు దాటినోళ్ళు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. తుపాకి ఎటు తిప్పకూడదు, కంచె దాటేప్పుడు ఏం చేయాలి, జంతువుకి ఎక్కడ తగిలితే బాధ లేకుండా పోతుంది, ఇలాంటివి ఉంటాయి, బోర్ కొట్టదు. టైం లేదంటే డిఫరల్ అని ఇంకో దారి ఉంది, 10 డాలర్లు కడితే ఈసారికి కోర్సు వాయిదా, కాకపోతే జీవితంలో ఒక్కసారే ఇస్తారు, పైగా కోర్సు పాసైన లైసెన్స్ ఉన్న పెద్ద మనిషి ఎప్పుడూ మీ పక్కనే, మామూలుగా మాట్లాడితే వినపడేంత దూరంలో ఉండాలి. నా సలహా అయితే కోర్సే చేయండి. తుపాకి అంటే టీవీలో చూడటమే తప్ప పట్టుకోనోడు 10 డాలర్లు పడేసి అడవిలోకి పోతానంటే పక్కనున్నోడి ప్రాణం మీదకొస్తుంది.

ఇప్పుడు లైసెన్స్. ఇచ్చేది టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్. మనం ఆ రాష్ట్రం వాళ్ళం కాదు కాబట్టి నాన్ రెసిడెంట్ లైసెన్సే తీసుకోవాలి, అందులో మనకి పనికొచ్చేవి మూడు. జనరల్ హంటింగ్ 315 డాలర్లు, ఇది వైట్‌టెయిల్‌తో సహా అన్నిటికీ, సమ్మర్‌లో దండగ. స్పెషల్ హంటింగ్ 132 డాలర్లు. ఫైవ్ డే స్పెషల్ 48 డాలర్లు. చివరి రెండిట్లో ఎగ్జాటిక్స్, పందులు అన్నీ కవర్ అవుతాయి, వైట్‌టెయిల్, టర్కీ లాంటివి మాత్రం రావు, ఎలాగూ వాటి సీజన్ కాదు. 48 డాలర్లది చూసి అందరూ అదే తీసుకుంటారు, తప్పేం లేదు, కానీ అది వరసగా ఐదు రోజులకే, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అనేది లైసెన్స్ మీదే ప్రింట్ అయి వస్తుంది. ట్రిప్‌కి వారం ముందు రేంజ్‌కెళ్ళి ప్రాక్టీస్ చేద్దామనుకుంటే ఆ రోజుకి మీ దగ్గర లైసెన్స్ లేనట్టే, పైన చెప్పిన 15 ఏళ్ళ కథ మళ్ళీ మొదటికి. అందుకే నేను 132 ది తీసుకున్నా, నెల రోజులు ఉంటా, మధ్యలో రేంజ్‌కి రెండుమూడు సార్లు వెళ్తా అని. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, వాళ్ళ లైసెన్స్ ఏడాది సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న అయిపోతుంది, మీరు జూన్‌లో కొన్నా జులైలో కొన్నా ఆగస్టు 31 రాత్రితో సరి.

కొనడం చాలా ఈజీ, ఆఫీసు చుట్టూ తిరిగే పనే లేదు. వాల్‌మార్ట్, అకాడమీ లాంటి షాపుల్లో స్పోర్ట్స్ కౌంటర్ దగ్గర ఇస్తారు. ఆన్‌లైన్ కంటే మనకి కౌంటరే బెటర్, ఎందుకంటే సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు, మనకి ఉండదు, ఎదురుగా మనిషి ఉంటే పాస్‌పోర్ట్ చూపించి మాట్లాడుకోవచ్చు. నాకు ఒక పెద్దావిడ చేసింది. ఇబ్బంది ఏం లేదు గానీ ప్రశ్నలే కాస్త వింతగా ఉంటాయి, ఎత్తు ఎంత అంది, ఫీట్లలో చెప్పా. బరువెంత అంటే 78 అన్నా, ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి ఆగిపోయింది, పౌండ్లలో చెప్పాలని అప్పుడు వెలిగింది, ఫోన్ తీసి లెక్కేసి 172 అని చెప్పా. కళ్ళ రంగు నలుపు అంటే బ్రౌన్ అని తనే కొట్టేసింది. మిషన్‌లోంచి పొడుగ్గా ఒక కాగితం వచ్చింది, దానికోసమా ఇంత గొడవ అనిపించింది. దాన్ని ఫొటో తీసి పెట్టుకుని, అసలు కాగితం మడిచి పాస్‌పోర్ట్ కాపీతో, హంటర్ ఎడ్యుకేషన్ ప్రూఫ్‌తో కలిపి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి జేబులో పెట్టుకోండి. కొన్నది కాదు ముఖ్యం, గేమ్ వార్డెన్, అంటే వేట రూల్స్ చూసే అధికారి, వచ్చి అడిగినప్పుడు చూపించాలి. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి, మన ఇంటిపేర్లు వాళ్ళ మిషన్లో అటూ ఇటూ అవుతాయి.

తుపాకి సంగతి. ఇండియా నుంచి మీ సొంత తుపాకి తీసుకెళ్ళాలంటే అమెరికాలో తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ ఏజెన్సీ ఏటీఎఫ్ వాళ్ళ ఫారం 6ఎన్ఐఏ ముందే పెట్టుకుని అనుమతి తెప్పించుకోవాలి, దానికి మళ్ళీ ఆ హంటింగ్ లైసెన్స్ కాపీనే జత చేయాలి, వారాలు పడుతుంది, ఇటు మన వైపు ఆర్మ్స్ లైసెన్స్ పర్మిషన్లు వేరే, ఎయిర్‌లైన్ రూల్స్ వేరే. రెండ్రోజుల వేటకి అంత అవసరం లేదు, వదిలేయండి. రాంచ్‌లో వాళ్ళ రైఫిల్ ఇస్తారు, బుక్ చేసేటప్పుడే అడగండి. బావ గన్ వాడుకోవచ్చు గానీ ఇద్దరి దగ్గరా లైసెన్స్ ఉండాలి. ఈ గోలంతా వద్దు అనుకునేవాళ్ళకి విల్లు ఉంది, ఫెడరల్ రూల్ తుపాకి, తూటాలకే, బాణాలకి కాదు, కాబట్టి ప్రైవేట్ భూమిలో ఓనర్ ఒప్పుకుంటే పందిని విల్లుతో కొట్టడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. తగిలించడం మీ ఓపిక.

రాంచ్ బుక్ చేసేప్పుడు రోజువారీ రేటు వేరు, జంతువు పడితే కట్టే ట్రోఫీ ఫీజు వేరు, గాయపడి పారిపోయినా ఫీజు కట్టాలనేది చాలా చోట్ల రూల్, ఇవన్నీ మెయిల్‌లో రాయించుకోండి. ఆ దారిలో కంచె గుంజల మీద, చెట్ల మీద వంకాయ రంగు పెయింట్ గీతలు కనపడితే అది అందం కోసం కాదు, లోపలికి రావద్దని, టెక్సాస్‌లో ఆ గీత బోర్డుతో సమానం.

మేము హిల్ కంట్రీలోని లానో దగ్గరికి వెళ్ళాం, ఫ్రిస్కో నుంచి నాలుగు గంటల డ్రైవ్. మధ్యాహ్నం ఎండకి మన రామగుండం గుర్తొచ్చింది, అందుకే వేట తెల్లారుజామున, మళ్ళీ పొద్దుగూకే వేళ, మధ్యలో పడుకోవడమే. రెండో రోజు పొద్దున ఆరున్నరకి ఓక్ చెట్ల కింద మచ్చల జింక మగది నిలబడింది, ఒళ్ళంతా తెల్ల చుక్కలు, నల్లమలలో చూసిందే అచ్చం, గైడ్ గొణుగుతున్నాడు కొట్టు కొట్టు అని, నా వల్ల కాలేదు. సాయంత్రం పంది కొట్టా, దాన్ని కొడితే నాకు బాధ అనిపించలేదు, అదేంటో. పందిని కోసేప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, అక్కడి అడవి పందుల్లో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది, గాయాల్లోంచి మనిషికి అంటుకుంటుంది. మాంసం అరగంటలో ఐస్‌లోకి పోవాలి, రెండు మూటల ఐస్ సరిపోదు, ఎక్కువే కొనండి.

తిరిగొచ్చేప్పుడు కొమ్ములు, తోలు ఇలాంటివేవీ సూట్‌కేస్‌లో పెట్టకండి, టెక్సాస్‌లో రసీదు ఉన్నా శంషాబాద్‌లో అది వన్యప్రాణి చట్టం కిందకొస్తుంది, కృష్ణ జింకదైతే మరీ. అక్క వాళ్ళ గోడకి తగిలించండి. ఇక ప్యాకింగ్ రోజు వేటకి వేసుకున్న ప్యాంట్ల జేబులు, బ్యాగ్ అరలు, బూట్ల లోపల కూడా చెయ్యి పెట్టి వెతకండి, కాల్చని తూటా ఒక్కటి మిగిలిపోయి ఎయిర్‌పోర్ట్ స్కానర్లో దొరికితే ఇక్కడ ఆర్మ్స్ యాక్ట్ కేసు, అక్కడి లైసెన్స్ చూపిస్తే ఎవరూ వినరు. నాకు ఒకటి కార్గో ప్యాంటు మోకాలి జేబులో దొరికింది, ఉతకడానికి వేసేముందు మా అక్క తీసి బల్ల మీద పెట్టింది.